తంగేడు పూలతో నేర్చుకున్న ఫ్రెంచి

నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. నిన్న హన్మకొండ మార్కెట్లో తంగేడు పూల కుప్ప చూసి "జోన్" అన్నాను. "నీకు అక్షరం ముక్క రాదు, గిదేం భాషనే అమ్మమ్మా?" అని ఇది నవ్వింది. అందుకే ఈ పోస్టు.

నేనూ బడికి పోయాను. చిన్నపిల్లల తరగతి, కింద ఈత చాప. ఫ్రాన్సు నుంచి వచ్చిన సిస్టరమ్మ మాతో ఫ్రెంచి తప్ప మాట్లాడేది కాదు. తెలుగులో అడిగితే నవ్వుతూ చెవులు మూసుకునేది. మేం ఆటకు బతుకమ్మ పేరుస్తుంటే పక్కన కూర్చుని, ఒక్కో పువ్వూ ఎత్తి రంగు చెప్పేది. తంగేడు జోన్, అంటే పసుపు; కట్లపువ్వు బ్లూ. నా ఈడు ఆడపిల్లల్లారా, గునుగుకు అద్దిన రంగు మన వేళ్ళను వదిలేదే కాదు, గుర్తుందా?

ఆ ఏడు పండక్కి మా వాడలో చప్పట్లు కొడుతూ ఆ రంగులే పాడాను.

"ఏందే పోరీ, గౌరమ్మకు గీ పాట సమజైతదా?" అంది నన్ను కన్న మా అవ్వ.

"నేను నేర్సుకోలేదా? గౌరమ్మ గూడ నేర్సుకుంటది!" అన్నాను. వాడంతా నవ్వి, నాతో కలిసి పాడింది.

తర్వాత తమ్ముడు పుట్టాడు. అవ్వ నాట్లకు పోవాలి కనుక నా బడి బంద్ చేశారు. వాణ్ణి చంకనేసుకుని తరగతి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. సిస్టరమ్మ నాకూ కనబడేలా పువ్వు ఎత్తేది. లోపలున్నవాళ్ళ కంటే ముందు నేనే రంగు చెప్పేదాన్ని.

అక్షరాలు రాసే నల్లబల్ల మాత్రం కిటికీ ఉన్న గోడకే ఉండేది. అది నాకు కనబడేది కాదు.