బొలోన్యా అక్క

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క ఉండేది. ఇటలీలోని బొలోన్యా నగరంలో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చింది. ఇక్కడ ఉద్యోగం చేసే వీలు లేదు. ఏ మాటైనా "మా బొలోన్యాలో" అనే మొదలుపెట్టేది. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే అక్కడి యూనివర్సిటీలో ఒకావిడ ఫిజిక్స్ పాఠాలు చెప్పిందని తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో చెప్పబోయేది. ఆ మాట పూర్తికాకుండానే కబుర్లు వీసాల మీదికి మళ్లిపోయేవి.

వాళ్లాయనకి డాలస్‌లో ఉద్యోగం దొరికింది. వాళ్లు బయల్దేరే రోజు నేను టీ తీసుకెళ్లాను. ఖాళీ హాల్లో అట్టపెట్టెల మధ్య ఒక్కతే నిలబడి ఉంది.

"అక్కా, రేడియో కనిపెట్టినాయన కూడా మీ బొలోన్యావాడేనా?" అని అడిగాను.

టీ కప్పు పట్టుకుని పెట్టె మీద కూర్చుంది.

"అవును. ఊరి బయట వాళ్లింట్లోంచే సిగ్నల్ పంపాడు. కొండ అవతల మనిషికి అది అందితే తుపాకీ పేల్చాలి. అడ్డంగా కొండ, ఏమీ కనపడదు. ఆ చప్పుడు వినపడేదాకా ఎలా వెయిట్ చేశాడో పాపం!"

"పేలిందా?"

"పేలింది." నవ్వింది కానీ, కళ్లు తుడుచుకుంది. "ఇక్కడికొచ్చాక నన్ను ఇవన్నీ అడిగింది నువ్వొక్కదానివే."

కింద కార్ హారన్ మోగింది.

"బావగారు పిలుస్తున్నారు అక్కా."

"పిలవనీ. కరెంటుతో చచ్చిన కప్ప కాలు కదిలించినాయన కూడా మావాడే. చెప్పనా?"

నేను ఇంకో పెట్టె లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.