రోజూ వచ్చిన ‘సక్సెస్’ మెయిల్

ఇతిహాసం చెప్పబోతున్నట్టు గొంతు సవరించుకున్నాను గానీ, ఇది 2008లో, దేశ రాజధానిలో ఆర్.కె. పురం వెళ్లే బస్సులో జరిగిన చిన్న సంగతి.

“సర్వర్‌ను ఉన్నదున్నట్టు ఫొటో తీసినట్టు కాపీ చేసే స్నాప్‌షాట్ టూల్ కొన్నాం, ఇక బ్యాకప్ బెంగ లేదు,” అని ఫోన్‌లో కోతలు కోస్తున్నాను. ఫోన్ పెట్టగానే పక్కసీటాయన తెలుగులోనే అందుకున్నాడు.

“మా ఆసుపత్రిలోనూ పెట్టాం తమ్ముడూ. రోజూ ‘సక్సెస్’ అని మెయిల్ వచ్చేది.”

“జంట సర్వర్ లేదాండీ?”

“ఉంది. నేను పొరపాటున చెరిపిన రోగుల ఫైళ్లన్నీ అదీ బుద్ధిగా చెరిపేసింది. స్నాప్‌షాట్లేమో సర్వర్ ఇంకా ఫైళ్లు రాస్తుండగా తీసిన సగం సగం కాపీలు. ఒక్కటీ తెరుచుకోలేదు. నిన్న ఒకావిడ చనిపోయిన కొడుకు స్కాన్ అడిగింది.”

“ఏం చెప్పారు?”

“రేపు రమ్మన్నాను.”

ఆయన ఒళ్లోని అట్టపెట్టెలో ఆఫీసు కప్పు, టేబుల్ మీది నేమ్‌ప్లేటు ఉన్నాయి.

“మీ బ్యాకప్ ఎప్పుడైనా తెరిచి చూశావా?” అని అడిగి దిగిపోయాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో తెరిచి చూస్తాను. నలభై నిమిషాలు పడుతుంది.