లోపల కాంగ్డీ ఉందా?

మా ఊరు టంగ్‌మార్గ్‌లో సోనావుల్లా కాకాకి ఉన్నది ఒక్కటే జబ్బు. మనిషి రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి కనిపిస్తే ఆయనకి అనుమానం. వీడు పడడం వచ్చిన మనిషేనా, కాదా? అది తేలేదాకా ఆయనకి ఉప్పు టీ గొంతు దిగదు. తేలాలంటే దారి ఒక్కటే. వెళ్లి తోసెయ్యడం.

ఊరికే తోసేస్తాడనుకునేరు, దానికీ ఓ పద్ధతుంది. చలికాలంలో మా వైపు ప్రతివాడూ ఫెరన్ అనే పొడుగాటి ఉన్ని అంగీ లోపల చేతులు ముడుచుకుని, కాంగ్డీ అనే చిన్న నిప్పుల కుంపటిని పొట్టకి ఆనించుకుని తిరుగుతాడు. అలాంటివాణ్ణి తోస్తే కాలి చస్తాడు. అందుకని ముందు మర్యాదగా అడుగుతాడు, "లోపల కాంగ్డీ ఉందా?" అని. లేదన్నావా, మంచులో ఉన్నావన్నమాటే. దాంతో ఊరు ఊరంతా అబద్ధాలకి అలవాటుపడింది. మసీదుకి క్రమం తప్పకుండా వెళ్లే పెద్దమనుషులు కూడా ఆ మాట వినబడగానే "ఉంది, రెండున్నాయి!" అని అరుస్తూ పరిగెత్తేవాళ్లు. కాకా నమ్మితేగా! వెంటపడి ఫెరన్ మీద అరచెయ్యి ఆనించి, వేడి ఉందో లేదో చూసుకుని మరీ వదిలేవాడు.

పోనీ తిరిగి ఆయన్నే తోద్దామా అంటే కుదరదు. కాకా ఫెరన్ లోపల కాంగ్డీ ఎప్పుడూ ఉంటుంది. పీచ్‌పళ్లు పండే ఎండల్లో కూడా ఉంటుంది. అంత అనుమానం ఆ మనిషికి.

గుల్‌మార్గ్ వాలు కింద ఆయనకి మంచు మీద జారే స్నోబోర్డులు అద్దెకిచ్చే దుకాణం ఉంది. అద్దెకిచ్చే దుకాణమని పేరేగానీ, ఇవ్వడానికి ఆయనకి ప్రాణం ఒప్పదు.

"నాకు బోర్డు బాగా వచ్చండీ," అన్నాడో ఢిల్లీ కుర్రాడు.

"పడడం వచ్చా?"

"నేను పడను."

"అయితే నీకు బోర్డు లేదు. పడనివాడికి అక్కర్లేదు కదా, నడిచి దిగు."

హెల్మెట్లనైతే పుచ్చకాయని చూసినట్టు వేలితో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఒక్కసారి గట్టి దెబ్బ తిన్నదని తెలిస్తే పైకి ఎంత నున్నగా ఉన్నా సరే, గొడ్డలి తీసుకుని రెండు ముక్కలు చేసేవాడు. "లోపల విరిగి పైకి నవ్వుతోంది, దొంగముండ!" అని తిట్టుకుంటూ.

తీగ మీద జనాన్ని కొండెక్కించే గోండోలా దగ్గర పనిచేసే తారిక్ పెళ్లిలో అయితే మరీ ఘోరం. పెళ్లికొడుకు నోట్ల దండ వేసుకుని మామగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. కాకా పక్కకి చేరి, "లోపల కాంగ్డీ ఉందా?" అన్నాడు.

"పెళ్లికొడుక్కి కాంగ్డీ ఏంటి కాకా?" అన్నాడు తారిక్, పాపం, పెళ్లి మత్తులో ఉన్నాడు.

మరుక్షణం దండతో సహా మంచులో ఉన్నాడు, అరచేతులు రెండూ చాపుకుని. కాకా మామగారివైపు తిరిగి తాపీగా చెప్పాడు. "చూశారుగా, చేతులు చాపాడు. ఈ సంబంధం గురించి ఇంకోసారి ఆలోచించుకోండి."

ఇదంతా చూస్తూ ఊరు ఊరికే ఉంటుందా? కాకా బావ అహద్ జూ ఎముకలు కట్టే మనిషి. వాళ్ల తాతల నాటి నుంచీ అదే పని. వాలు మీద ఎవరి మణికట్టు విరిగినా తిన్నగా అహద్ జూ గడప దగ్గరికే వెళ్లాలి. ఇంకేం, రొట్టెల కొట్టు దగ్గర లెక్క తేలిపోయింది. బామ్మర్ది తోస్తాడు, బావ కడతాడు! తర్వాత ఒక చలికాలం నుంచి ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. దానికీ ఊరు జవాబు చెప్పేసింది. వాటాల దగ్గర తేడా వచ్చి ఉంటుందని.

ఈ లెక్కని అందరికంటే గట్టిగా నమ్మినదాని పేరు మస్రత్. కాకా దుకాణంలో బోర్డులకి మైనం రాసే పిల్ల. జీతానికి బదులు ఖాళీ ఉన్నప్పుడు బోర్డు వాడుకునేది. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. శాలువా మీద సూదిపనితో గడిచే ఇల్లు. తల్లి ఫాజీకి చూపు మందగించాక ఆ ఇల్లు నిలబడింది మస్రత్ వేళ్ల మీదే. ఆ ఏడు ఆ పిల్ల స్నోబోర్డు నేర్పే పంతులమ్మ పరీక్షకి పేరిచ్చింది. నెగ్గితే చలికాలమంతా పని. ఫాజీ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది.

"నీ చేతికి దెబ్బ తగిలిందో, ఆ చెక్కముక్కని నీళ్లు కాగే హమామ్ కింద మంటలో పెట్టి, ఆ వేడినీళ్లతో నీకు తలంటుతాను."

ఫాజీ అన్నదంటే చేస్తుంది. పెళ్లినాటి పెట్టెని కూడా ఓసారి అలాగే తగలేసింది.

అలాంటి పిల్లని కాకా వదిలాడా? ఊరందర్నీ ఒకసారి తోస్తే మస్రత్‌ని పూటకోసారి తోసేవాడు. మైనం డబ్బా పట్టుకుని వెళ్తుంటే తోసేవాడు. టీ పట్టుకొస్తుంటే, ముందు కప్పు అందుకుని పక్కన పెట్టి, తర్వాత తోసేవాడు.

"వేళ్లు! ఏవీ వేళ్లు? లోపలికి మడువు! నేలని పట్టుకుందామనుకుంటున్నావా? నేల ఎక్కడికీ పోదు, పోయేది నీ మణికట్టే! ముందుకి పడితే ముంజేతులు. వెనక్కి పడితే గడ్డం గుండెకి. పడేటప్పుడు ఆకాశం చూడకు, అక్కడ నీకేం పనిలేదు!"

పైగా వేషం ఒకటి. నేలమీద పరిచే ఉన్ని నమ్దాని కోసి, మెత్తగా మడిచి, వెనక కూర్చునేచోట కట్టించాడు. క్రికెట్ బ్యాట్లు చేసేచోట పారేసిన విల్లో పేళ్లని నున్నగా చెక్కి, మణికట్లకి రెండువైపులా పట్టీలతో బిగించాడు. నడుస్తుంటే వెనకనుంచి కొవ్వెక్కిన గొర్రెలా ఉండేది. కుర్రాళ్లు "ఔటా, నాటౌటా?" అని అరిచేవాళ్లు.

"వాడు నీ మణికట్టు మీద కన్నేశాడే," అనేది ఫాజీ సూదిలో దారం ఎక్కించలేక విసుక్కుంటూ. "నువ్వు నెగ్గితే వాడికి మైనం ఎవరు రాస్తారు? విరగ్గొట్టి కూర్చోబెడతాడు, చూస్తూండు."

మస్రత్‌కీ అదే అనిపించేది. లేకపోతే పరీక్ష రోజు పొద్దున్న కూడా ఎవరైనా అలా చేస్తారా?

"లోపల కాంగ్డీ ఉందా?"

"కాకా! ఇవాళ పరీక్ష!"

"మంచుకి చెప్పావా ఆ సంగతి?" అని తోసేశాడు.

మస్రత్ లేచి దులుపుకుని, పళ్లు నూరుకుంటూ పైకి వెళ్లింది. పరీక్ష చూసేవాడు నేగీ సార్, హిమాచల్ మనిషి. కింద చదునులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మస్రత్ వంతు వచ్చింది. నిట్టవాలు మీద మలుపులన్నీ పాములా జారుకుంటూ దిగింది. కష్టమంతా అయిపోయింది, చదును వచ్చేసింది, ఇక నాలుగు బారల్లో ఆగాలి. సరిగ్గా అప్పుడు జనంలోకి చూసింది.

కాకా ఉన్నాడు. ఆయన పక్కనే సంచీ చంకలో పెట్టుకుని, మాటలు లేవన్న అహద్ జూ ఉన్నాడు! ఇద్దరూ కలిసి ఆమె ముంజేతులకేసే చూస్తున్నారు, కోడిని బేరమాడేవాళ్లలా.

"కలిసిపోయారు!" అనుకుంది మస్రత్. ఆ అనుకోవడంలో బోర్డు మడమ వైపు అంచు మంచులో దిగబడింది. చదును మీద పడినంత గట్టిగా నిట్టవాలు మీద కూడా పడరు. పిల్ల గాల్లోకి లేచి వెనక్కి దభీమని పడింది. ఆ చప్పుడుకి దేవదారు చెట్ల మీద మంచు రాలిందని చూసినవాళ్లు చెప్పారు, వాళ్లలో నేనూ ఉన్నాననుకోండి.

కూతురి పరీక్షకని వచ్చి జనంలో నిలబడ్డ ఫాజీ గుండె మీద చెయ్యేసుకుంది. అహద్ జూ సంచీ పట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తి, పిల్ల చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. పట్టీ విప్పాడు. నొక్కాడు. తిప్పాడు. రెండో చెయ్యి కూడా నొక్కాడు. మెడ చూశాడు. పిడికిళ్లు బిగిసి ఉన్నాయి, గడ్డం ఇంకా గుండెకి అతుక్కునే ఉంది. ముసలాయన ముఖం వాడిపోయింది.

"ఏమీ విరగలేదు," అన్నాడు ఏడుపు గొంతుతో. "దీనికి కూడా ఏమీ విరగలేదు!"

"అంటే నీకు బాధా?" అంది మస్రత్ మంచులోంచే. "మీ ఇద్దరి వాటాలు పోయాయనా?"

"వాటాలా!" అహద్ జూ సంచీ నేలకేసి కొట్టాడు. "ఎవడితో వాటా? వీడితోనా? ఓ రోజు ఇంటికొచ్చి, బావా బావా అంటూ పక్కన కూర్చుని, ఎవరికి ఏది విరుగుతుంది, ఎలా పడితే విరుగుతుంది అని తియ్యగా అడిగాడు. గిరాకీ పంపిస్తాడేమోనని మా తాతల విద్యంతా చెప్పేశాను. అరచెయ్యి ఆన్చితే మణికట్టు, చెయ్యి చాపితే భుజం, కూలబడితే వెన్ను చివర, తల వాలిస్తే ఇక నా దాకా రానే రాడు అని. వీడేమో పోయి, అలా పడకండిరా అని ఊరంతా తోసుకుంటూ తిరుగుతున్నాడు! చలికాలం వస్తే మణికట్లు పట్టుకుని నా గుమ్మంలో బారులు తీరేవాళ్లు. ఇప్పుడు పిల్లి కూడా రాదు. పోనీ పగవాడనుకుందామా అంటే కట్టెలూ బియ్యం మా ఇంటికి తోలించేదీ వీడే! కడుపు మీద కొట్టి అన్నం పెడతాడు! ఇలాంటివాడితో మాట్లాడమంటారా మీరు?"

జనమంతా కాకావైపు తిరిగారు. పెళ్లిలో పడ్డ తారిక్ తన రెండు అరచేతులూ ఒకసారి చూసుకున్నాడు. కాకాకి ఎటు చూడాలో తెలియలేదు. ఆకాశం వైపు చూశాడు, అక్కడ పనిలేకపోయినా.

"మరి నన్ను పూటకోసారి ఎందుకు తోశావు?" అంది మస్రత్.

"మీ అమ్మ మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు కాకా గొణుగుతూ. "బోర్డు నిజంగానే పొయ్యిలో పెట్టేస్తుంది."

ఫాజీ మొహం పక్కకి తిప్పుకుంది. నిజమే మరి.

అప్పుడు నేగీ సార్ దగ్గరికొచ్చి మస్రత్ చేతి పట్టీలు తిప్పి తిప్పి చూశాడు. "వాలు మీద పనితనం చూశాను, నెగ్గావు. పడకుండా దిగేవాళ్లు నాకు చాలామంది దొరుకుతారమ్మా. పడడం నేర్పేవాళ్లే దొరకరు. కొత్తవాళ్లకి మొదటి పాఠం నువ్వే చెప్పాలి. ఇంతకీ నీకెవరు నేర్పారు?"

"ఎవరు చెప్పారు నీకు, నేర్పారని?" అన్నాడు కాకా వెంటనే, ఆయన్ని కూడా అనుమానంగా చూస్తూ.

మర్నాడు పొద్దున్న మస్రత్ పంతులమ్మల ఎర్రకోటు వేసుకుని దుకాణానికి వచ్చింది. గుమ్మం ముందు రాత్రి కురిసిన మెత్తటి మంచు. కాకా అటు తిరిగి, ఒక హెల్మెట్‌ని వేలితో కొట్టి వింటున్నాడు. మస్రత్ చప్పుడు కాకుండా వెనక్కి చేరింది.

"కాకా, లోపల కాంగ్డీ ఉందా?"

కాకా వీపు బిగుసుకుంది. "ఎందుకూ?" అన్నాడు.

మస్రత్ ఆయన ఫెరన్ మీద అరచెయ్యి ఆనించింది, అచ్చం ఆయనలాగే.

 కాకా హెల్మెట్ కింద పెట్టాడు. ఫెరన్ లోపల చెయ్యి పెట్టి, పీచ్‌పళ్ల కాలంలో కూడా వదలని ఆ కాంగ్డీని మెల్లిగా బయటికి తీసి, బల్ల మీద భద్రంగా పెట్టాడు. గుమ్మం దాటి వెళ్లి మంచుకి వీపు పెట్టి నిలబడ్డాడు. పిడికిళ్లు మూశాడు. గడ్డం గుండెకి ఆనించాడు.

"లేదు," అన్నాడు.