ఉలవల మీద ట్రాఫిక్

బండకిందపల్లె రోడ్డు ఎవరిది అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలవాడు ఇంతవరకు పుట్టలేదు. కాగితాల ప్రకారం అది పంచాయతీది. వాన పడితే వంకది. అయితే నల్లమాడ చుట్టుపక్కల వాన పడే సంవత్సరాలు తక్కువ గనుక, వంక తన హక్కును చాలావరకు వదులుకునే ఉంటుంది. పొద్దునా సాయంత్రమూ గొర్రెలది. చలి ముదిరాక మాత్రం ఎవరికీ ఏ సందేహమూ ఉండదు. అప్పుడు అది ఉలవలది.

చేలో పీకి ఎండబెట్టిన ఉలవ చెట్లను మోసుకొచ్చి తారు మీద మందంగా పరుస్తారు. వచ్చే పోయే బండ్లు వాటిని తొక్కుతాయి. కాయ పగిలి గింజ రాలుతుంది. ఆడవాళ్ళు పైచెత్త ఎత్తేసి, గింజను ఊడ్చి, చేటల్లో పోసి తూర్పారబడతారు. ఊళ్ళో ఎద్దులు లేకుండా పోయి చాలా కాలమైంది. కాబట్టి ఆ రోజుల్లో ఆ రోడ్డున పోయే పోస్టుమ్యానూ, ఎరువుల కంపెనీ ఏజెంటూ, పెళ్ళి చూపులకు పోయే పెద్దమనుషులూ తమకు తెలియకుండానే ఊరికి కూలి లేని కూలీలు.

ఈ రోడ్డు చివర, ఊరు దాటాక, కొండ మొదట్లో సోమప్పకు భూమి ఉంది. దాన్ని భూమి అనడం రెవెన్యూ వారి మర్యాద. అక్కడ ఎక్కువగా ఉన్నవి బండలు. ఆ బండల మధ్య మిగిలిన మన్నులో సోమప్ప చేయని సేద్యం లేదు. మల్బరీ పెట్టి పట్టుపురుగులు పెంచాడు, పురుగులకు జబ్బు వచ్చింది. చీనీ, అంటే బత్తాయి చెట్లు పెట్టాడు, చెట్లు కాపుకొచ్చే వేళకు బోరు ఎండింది. ఇంకో బోరు వేయించాడు, అందులోంచి చాలా నాణ్యమైన దుమ్ము వచ్చింది.

ఇన్ని నష్టాల్లోనూ అతని తప్పు ఇంత అని ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఏ పనీ అతను సొంతంగా చేయలేదు. ఏది చేసినా పదిమందిని అడిగి చేస్తాడు. పదిమందీ పది రకాలుగా చెబితే, చిట్టచివర అడిగినవాడి మాట వింటాడు. మనిషి మాత్రం ఏ నష్టానికీ ఎవరినీ తిట్టింది లేదు. "ఎట్లయిందో నాకూ తెలీలేదప్పా" అనేవాడు. తర్వాతి సేద్యం గురించి మళ్ళీ మొదటి మనిషి దగ్గర మొదలుపెట్టేవాడు. ఈ సలహాల సంప్రదాయంలో అతను వదిలేసిన ఒకే ఒక మనిషి భార్య నాగలక్ష్మమ్మ. ఆమె ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది గదా, తర్వాత అడగొచ్చులే అన్నది అతని ఉద్దేశం కావచ్చు.

చివర అడిగిన మనిషి ఒకసారి కూతురు హేమ అయింది. ఆ పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. తన ఆఫీసులో వాళ్ళు సెలవు దొరికితే చాలు, ఏమీ లేని చోటికి పోయి, ఏమీ చేయకుండా కూర్చుని, అందుకు డబ్బు కట్టి వస్తారని చెప్పింది. ఏమీ లేకపోవడం అనే పంట తన పొలంలో ఇంత ఏపుగా ఉందని సోమప్పకు అప్పుడే తెలిసింది. అతిథుల కోసం మూడు గదులు కట్టాడు. మట్టి గోడలు, పైన బండల కప్పు, ముందు అరుగు. ఏడాది చివరి సెలవుల్లోనే సగం జనం వస్తారనీ, అప్పటికి అనుమతి చేతిలో ఉండాలనీ హేమ పదే పదే చెప్పింది.

గదులు కూడా పోతే ఏం చేయాలన్నది ముందే తేలిపోయింది. నాగలక్ష్మమ్మ తమ్ముడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ పని చూసి పెట్టాడు. వచ్చే కార్లు, పోయే కార్లు చూస్తూ కూర్చోవాలి. పడుకోవడానికి మెట్ల కింద గది ఇస్తారు. ఆ గదిని సోమప్ప ఒకసారి చూసి వచ్చాడు. ఎలా ఉందని ఎవరడిగినా జవాబు చెప్పలేదు. అతను జవాబు చెప్పని ప్రశ్నలు తక్కువ.

అనుమతి కోసం పోతే ఆఫీసులో గదుల గురించి ఎవరూ అడగలేదు, రోడ్డు గురించి అడిగారు. ఈ గదుల వల్ల రోడ్డు మీద ట్రాఫిక్ ఎంత పెరుగుతుంది, పెరిగిన ట్రాఫిక్‌ను రోడ్డు మోయగలదా, వచ్చే కారూ పోయే కారూ ఎదురుపడితే తప్పుకోగలవా అన్నది ఒక ఇంజనీరు వచ్చి చూసి నివేదిక ఇవ్వాలట. కిరణ్ అనే ఆయన సోమవారం వస్తాడన్నారు.

ట్రాఫిక్‌ను సోమప్ప బెంగళూరులో బస్సు కిటికీలోంచి చూశాడు. అది ఊరికి ఉండవలసిన వస్తువో, ఉండకూడని వస్తువో మాత్రం తెలియలేదు. కాబట్టి అడగడం మొదలుపెట్టాడు. ట్రాఫిక్ బాగా ఉందని చూపించాలి, లేకపోతే నీ ఊరికి ఎవరొస్తారని అనుమతి ఇస్తారు అన్నాడు పంచాయతీ కార్యదర్శి. అస్సలు లేదని చూపించాలి, ఉంటే రోడ్డు చాలదంటారు అంది ఫోనులో హేమ. నల్లమాడ టీ అంగడిలో ఒక బస్సు డ్రైవరు, ఇలాంటి విషయాల్లో మధ్యరకంగా ఉండటం మంచిదన్నాడు. ఆదివారం పొద్దుగూకేలోగా సోమప్ప ఊళ్ళో ప్రతి గడపా తొక్కి ట్రాఫిక్ గురించి అడిగాడు. ఊరు అతనికి జవాబు చెప్పలేదు గానీ, అడిగినదాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. సోమవారం బండకిందపల్లెకు ట్రాఫిక్ వస్తోంది.

దానికి తోడు సముద్రంలో అల్పపీడనం పట్టిందని టీవీలో చెప్పారు. సోమవారం తెల్లవారేసరికి తూర్పున మబ్బు లేచింది. వాన ముంచుకొచ్చేలోగా ఉలవలు తొక్కించుకోవాలి, తొక్కడానికి ట్రాఫిక్ వస్తోంది. ఊరికి ఇంతకంటే మంచి ముహూర్తం ఇంతకుముందు కుదరలేదు. చేలల్లో ఉన్న ఉలవంతా రోడ్డెక్కింది.

కిరణ్ కారు ఊరి మలుపులో ఆగింది. గుంటూరు వైపు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. దిగి, చుట్టూ చూసి, కర్రతో ఉలవ చెట్లను తిరగేస్తున్న ముసలామెను రోడ్డు ఎక్కడని అడిగాడు. ఆమె రామలక్ష్మమ్మ, సోమప్పకు పెదనాయన కూతురు.

"నువ్వు నిలబడుకోనుండేది రోడ్డే నాయనా. దిగితివెందుకు? కారెక్కి నిదానంగా రా. అంచున పోవద్దు, నడిమధ్యన తొక్కు."

ఈలోగా సోమప్ప పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడే రావలసినవాడని తెలిశాక రామలక్ష్మమ్మ రోడ్డు చివరిదాకా చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఏమప్పా, ట్రాఫిక్ వస్తాదంటివి. ఇదొక్క కారేనా?"

"నేను యాడంటినక్కా. ట్రాఫిక్ సూసేకి వస్తారంటి."

"సూసేకి రావాలంటే ఉండాల కదా? లేనిదాన్ని సూసేకి అంత దూరం నుంచి ఎవురన్నా వస్తారా?"

ఈ తర్కం విన్న కిరణ్ ఏదో రాసుకుని, మళ్ళీ కొట్టేశాడు.

తర్వాత పరిశీలన మొదలైంది. ఎదురెదురుగా వచ్చిన రెండు మోటారు సైకిళ్ళు, పక్కన ఖాళీగా ఉన్న తారును వదిలేసి, ఉలవల మీదికే ఎక్కి ఒకదాన్నొకటి తప్పుకోవడం కిరణ్ చూశాడు. వాళ్ళు ఎందుకలా పోతున్నారని అడిగాడు. ఖాళీ జాగాలో పోతే ఆడవాళ్ళు తిడతారని సోమప్ప వివరించాడు. వాహనాలు రోడ్డును వదిలి అడ్డంకి మీద నడవాలన్న నియమం కిరణ్ చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

స్థానికుల అభ్యంతరాలు తెలుసుకోవడం కూడా ఆయన పనిలో భాగం. ఈ గదుల కోసం కార్లు పెరుగుతాయి, మీకేమైనా ఇబ్బందా అని రామలక్ష్మమ్మనే అడిగాడు. దుమ్ము, చప్పుడు, పిల్లల భద్రత వంటి జవాబులు రాసుకోవడానికి చోటు వదిలి సిద్ధంగా నిలబడ్డాడు.

"కార్లు తేలిక నాయనా," అందామె కాస్త ఆలోచించి. "సగం గింజ చెట్టుకే ఉండిపోతాది. బస్సులొచ్చేట్టు రాయి. లారీలైనా మంచిదే."

కిరణ్ మలుపు దగ్గర టేపు పట్టి కొలిచాడు. ఉలవలతో కలిపి ఒకసారి, ఉలవలు లేకుండా ఒకసారి. లెక్కలు చూసుకుని, సోమప్పను పక్కకు పిలిచాడు. రోడ్డు వెడల్పు బాగానే ఉందనీ, అందులో బండ్లకు మిగిలింది సగం కూడా లేదనీ, ఉన్నది ఉన్నట్టు రాస్తే అనుమతి రాదనీ మెల్లగా చెప్పాడు. మంచి కుర్రవాడు. ఇవన్నీ ఒక పక్కకు కుప్ప వేయిస్తే మళ్ళీ కొలిచి, రోడ్డు ఖాళీగా ఉందని రాస్తానన్నాడు.

సోమప్ప రోడ్డు వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు. పరిచినదాన్ని గింజ రాలకముందే ఎత్తి కుప్ప వేసి, ఆ కుప్ప మీద వాన పడితే ఉలవ నల్లబడిపోతుంది. ఎత్తించకపోతే మెట్ల కింద గది. ఇంత పెద్ద విషయంలో ఎవరినైనా అడగాలి. కార్యదర్శి ఊళ్ళో లేడు. హేమ ఫోను ఎత్తలేదు. కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడ్డ నాగలక్ష్మమ్మ దగ్గరికి పోయి, ఏం చేద్దామంటావని అడిగాడు.

"ఊరంతా తిరిగి నా కాడికొచ్చినావా?" అందామె. "పురుగులు పెట్టేప్పుడు అడగలే. చీనీ పెట్టేప్పుడు అడగలే. ఇప్పుడు మాత్రం ఎందుకడుగుతావు? నీకేం తోస్తే అది చేయి."

ఇది సలహా కింద లెక్కకు రాదని సోమప్పకు కూడా అర్థమైంది. తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత కారు దగ్గరికి నడిచి వచ్చాడు.

"రాసుకో సార్. ఉలవలు రోడ్డు మీదుండే దినాలు నా రూములు మూసేస్తా. తక్కిన దినాలు రోడ్డు ఖాళీనే."

"ఎప్పటిదాకా ఉంటాయివి?"

"పుష్యం పోయేదాకా."

"అంటే డిసెంబరు, జనవరి. జనం వచ్చేదే అప్పుడు కదండీ. ఏప్రిల్ ఎండల్లో ఈ బండల మీదికి ఎవరొస్తారు?"

"అదే నాకూ తెలీదు సార్. నువ్వు రాసుకో."

కిరణ్ రాసుకున్నాడు. ఇలాంటి షరతు తానే కోరి పెట్టించుకున్నవాడిని ఇంతకుముందు చూడలేదు కాబట్టి, రాసి రెండుసార్లు చదివి వినిపించాడు. వెళ్ళబోతుంటే రామలక్ష్మమ్మ కారుకు అడ్డం వచ్చింది. ఉన్నది ఒక్క కారే గనుక ఆ ఒక్కటీ ఊరి మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిరగాలని కోరింది. కిరణ్ తిరిగాడు. అవతల తిప్పుకుని ఇంకోసారి కూడా తిరిగాడు. మలుపుల్లో కనుచూపు ఎంత దూరం ఆనుతుందో పరీక్షించడానికే అలా తిరిగినట్టు నివేదికలో ఉందని తర్వాత తెలిసింది.

కారు పోయాక, ఏం రాయించినావని రామలక్ష్మమ్మ అడిగింది. సోమప్ప చెప్పాడు. ఆమె చేతిలోని కర్ర కింద పెట్టింది.

"అడిగింటే తీసేస్తాంటిమి కదప్పా. నీ రూములకంటే ఎక్కువనా ఇవి? వద్దనేవాళ్ళు ఎవురుండారు ఊర్లో?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నారు. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే తీసేసి ఉండేవాళ్ళు. సోమప్ప జీవితంలో సొంతంగా చేసిన మొట్టమొదటి పని అది. మబ్బు మధ్యాహ్నం దాకా ఊరి మీద నిలబడి, ఎవరో పిలిచినట్టు కదిరి వైపు వెళ్ళిపోయింది. ఒక్క చినుకు రాలలేదు.

ఆ రాత్రికి సోమప్ప అరుగు మీద సలహాలు గుంపులు కట్టాయి. ఇంజనీరుకు ఫోను చేసి మార్చమను అన్నారు కొందరు. మళ్ళీ అర్జీ పెట్టుకో, ఈసారి రోడ్డు అద్దంలా ఊడ్చి పెడతాం అన్నారు కొందరు. సోమప్ప అందరి మాటా విన్నాడు. నిలువుకూ అడ్డానికీ మధ్యరకంగా తల ఊపాడు. ఫోను మాత్రం తీయలేదు. హేమే చేసింది. విషయమంతా చెప్పించుకుంది.

"నువ్వే చెప్పినావా నాయనా?" అంది.

"నేనే."

"ఎవర్నీ అడక్కుండానా?"

"నువ్వు ఫోనెత్తలేదు కదమ్మా."

కిరణ్ చెడ్డ మాట ఏదీ రాయలేదు. షరతుతో సహా అనుమతి వచ్చింది. పది నెలలు తెరవవచ్చు, రెండు నెలలు మూయాలి. తెరవవలసిన నెలల్లో ఎవరైనా వస్తారా అన్నది ఆఫీసు పరిధిలోని విషయం కాదు. బావ రాడని తెలిశాక నాగలక్ష్మమ్మ తమ్ముడు ఆ గేటును ఇంకెవరికో ఇప్పించాడు. గెలిచాడో ఓడాడో సోమప్పకు తెలియలేదు. ఊరు ఈ విషయంలో రెండుగా చీలి, రెండు వైపులా సగం సగం మంది ఉండి, ఇప్పటికీ తేల్చలేదు.

మాఘమాసంలో, ఎండలు ఇంకా ముదరకముందు, బెంగళూరు నుంచి మొదటి అతిథులు వచ్చారు. భార్యాభర్తలు, తెలుగువాళ్ళే. కారు దిగి కొండ చూశారు, బండలు చూశారు, చాలా బాగుందన్నారు. నాగలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నిజానికి కొత్త సంవత్సరానికే వద్దామనుకున్నామనీ, అడిగితే మూసేశామన్నారనీ, అంత మంచి సీజనులో ఎందుకు మూశారనీ ఆయన అడిగాడు.

"ఆ దినాల్లో రోడ్డు ఖాళీ ఉండదు సార్."

ఆయన వెనక్కి తిరిగి, తాము వచ్చిన దారంతా చూశాడు. తారు మీద ఒక కుక్క కాళ్ళు చాపి పడుకుని ఉంది. దాని అవతల కనుచూపు మేరలో ఏమీ లేదు.

"ట్రాఫిక్కా?"

"ట్రాఫిక్కే సార్," అని సోమప్ప సూట్‌కేసు అందుకుని గది వైపు నడిచాడు.