ఊదా చుక్కకు ఐదున్నర గంటలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేడ్చల్ బస్ డిపో దగ్గరి నెట్ సెంటరులో రాడారు బొమ్మలు చదవగల ఏకైక మహాపండితుణ్ని నేనే. నన్ను చూస్తే మేఘాలకు చెమటలు పట్టేవి. వాతావరణ ఆఫీసులో పనిచేసే మిత్రుడు నేర్పిన విద్య అది: ఆకుపచ్చ అయితే చినుకులు, ఎరుపు అయితే ఉరుముల వాన, ఎరుపు నడుమ ఊదా చుక్క కనిపిస్తే రాళ్లవాన. ఇంకా ఏదో చెప్పాడుగానీ, అప్పటికే అంతా వచ్చేసినవాడిలా తలాడిస్తున్నాను.

ఆ మధ్యాహ్నం శామీర్‌పేట నుంచి బావ ఫోను చేశాడు. రెండెకరాల ద్రాక్షతోట ఆయనది. మర్నాడే కోత. ఇంటిల్లిపాది ఏడాది బతుకు పందిరికి వేలాడుతోంది.

"బామ్మర్దీ, పడమట మొగులు నల్లగైతాంది. నీ రాడారు ఏమంటాంది? కూలోళ్లు ఈడనే ఉన్నరు. ఇయ్యాల్నే కోపియ్యాల్నా?"

తెర మీద మేడ్చల్‌కు పడమట ఊదా చుక్క, గుమ్మడికాయంత! నా గుండె ఆగిపోయి, మళ్లీ బయల్దేరడానికి నన్నే అనుమతి అడిగింది. అంతలో బొమ్మ మూలన టైము కనిపించింది: తొమ్మిది నలభై. గోడ గడియారంలో మూడుంబావు.

"పొద్దటి ఫోటో బావా! ఆ వాన ఎప్పుడో పోయింది. బేఫికర్‌గ ఉండు."

ఆయన కూలీలను పంపేశాడు. నేను చాయ్ తెప్పించుకున్నాను. సగం తాగేసరికి బొమ్మ మారింది. తొమ్మిది యాభై. చుక్క తూర్పుకు జరిగింది.

పొద్దటి ఫోటో ముందుకెలా నడుస్తుంది? మిత్రుడి చివరి మాట అప్పుడు చెవిలో పడింది: బొమ్మ మీద ఉండేది లండన్ టైము, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. కలిపాను. మూడు ఇరవై. అంటే ఇప్పుడే!

"బావా, కోపియ్యి! జల్దీ! మీ దిక్కే వస్తాంది!"

"ఇప్పుడే కదరా ఆటో ఎక్కిచ్చిన! నీ నోట్ల మన్ను వడ!"

స్కూటరెక్కాను. నేనూ మేఘమూ పందెం. నాకు లారీలన్నీ అడ్డొచ్చాయి, దానికి ఒక్కటీ రాలేదు.

నేను చేరేసరికి బావ ఆటోను వెనక్కి మళ్లించి ఉన్నాడు. మెరుపుల కింద అక్కా, కూలీలూ గుత్తులు కోస్తున్నారు. నేనూ చెయ్యి వేశాను. నాలుగు వరుసలు కోసి, ట్రాలీకెక్కించి టార్పాలిన్ కప్పుతుండగా మొదటి రాయి నా నెత్తిన పడింది. నా లెక్కలో కొబ్బరికాయంత. అక్క లెక్కలో రేగ్గాయంత.

పావుగంటలో అంతా అయిపోయింది. తెల్లటి రాళ్ల మధ్య నల్లగా ద్రాక్ష. బావ ట్రాలీకి ఆనుకొని, తోట వైపు చూడకుండా అడిగాడు.

"ఎన్ని వరుసలు మిగిలినయో చూసి చెప్పు. జర ఎక్వ చేసి చెప్పినా మంచిదే."

పందిళ్ల కింద చివరిదాకా నడిచి వచ్చాను.

"కోసిన నాలుగే, బావా."