బస్సులో పెట్టిన బంద్

మా వైపు నలుగురు కలిస్తే ముందు చాయ్ చెప్తారు, ఆ చాయ్ వచ్చేలోగా కమిటీ వేస్తారు. ఊరికి ఒక కమిటీ, గణపతికి ఒకటి, కాలువ నీళ్లకు ఒకటి. కమిటీ మాట దాటినవాళ్ల మీద బంద్ పెడతారు. అంటే కిరాణా దుకాణంవాడు ఉప్పు ఇవ్వడు, మంగలి గడ్డం గీయడు, ఎదురుపడ్డ చుట్టం కూడా పలకరించడు. పేపర్లవాళ్లు దీన్ని సాంఘిక బహిష్కరణ అని రాస్తారు. పోలీసులు వచ్చి తప్పని చెప్పి పోతారు, వాళ్ల జీపు మలుపు తిరగ్గానే బంద్ మళ్లీ మొదలవుతుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మేం ఆ కమిటీని విమానం ఎక్కించి వియత్నాం దాకా తీసుకుపోయాం. అక్కడ బస్సులో ఒక ఆడమనిషి మీద బంద్ పెట్టాం. పెట్టించింది నేనే.

ఆర్మూర్‌లో పసుపు కొనే పని నాది. సంచి పైన ఎండిన కొమ్ములు పరిచి అడుగున పచ్చివి పోసేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే ఏ సంచి వచ్చినా మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి ఒక కొమ్ము తీస్తాను. చెవి దగ్గర పెట్టి విరుస్తాను. ఖణేల్‌మంటే ఎండింది, చప్పుడు లేకుండా విరిగితే ఎండలేదు. దుకాణంలో మొదలైన ఈ అలవాటు నా వెంటే ఇంటికొచ్చింది. డాక్టరు రాసిన మందును రెండు షాపుల్లో అడిగి గానీ మింగను. "పెండ్లిచూపులల్ల నా పండ్లు లెక్కవెట్టిండు" అని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. లెక్కపెట్టలేదు, చూశానంతే.

మా ఆవిడకు సముద్రం చూడాలని కోరిక. యాభై దాటినా ఆమె చూసిన పెద్ద నీళ్లంటే పోచంపాడు డ్యామే. పసుపు సీజన్ అయిపోయిన రోజుల్లో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు: వియత్నాం, ఆరు రోజులు, సముద్రం ఒడ్డు వెంబడే ప్రయాణం. ఆర్మూర్, కమ్మర్‌పల్లి, దొంకేశ్వర్ కలిపి పదిహేడు మందిమి తేలాం. మొదటి మీటింగులోనే కమిటీ పడింది. "నువ్వైతే ఎవ్వన్ని నమ్మవు, నువ్వే ఉండు" అని నన్ను పెద్దను చేశారు. నేనూ మురిసిపోయాను. రోగాలున్నవాళ్లను తీసుకుపోవద్దని, పరాయి దేశంలో ఎవరూ ఎవరినీ మోసుకు తిరగలేరని నేనే రూలు పెట్టాను.

పద్దెనిమిదో మనిషిగా ముప్కాల్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. రిటైరై రెండేళ్లయింది, భర్త లేడు, ఒంటరిగా వస్తానంది. కొందరు గొణిగారు గానీ మాలో ఎవరికీ ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఆమెకు వచ్చు. అందుకని ఒప్పుకున్నాం. ఆమె అడిగింది కూడా ఒక్కటే.

"నాకు బస్సుల ముందు సీటు కావాలె, సముద్రం దిక్కు. తిండి ఎట్లున్నా ఫికర్ లేదు, రూము ఎట్లున్నా ఫికర్ లేదు. నేను సముద్రం కోసమే వస్తున్న."

సరేనన్నాం. కానీ నాకు అక్కడే గుచ్చుకుంది. అన్నీ వదులుకుని ఒక్కటి పట్టుకున్నారంటే ఆ ఒక్కదాంట్లో ఏదో ఉంటుందని నా లెక్క. ఆ మాట మా ఆవిడతో అంటే, "నీకు దేవుడు ప్రత్యక్షమైనా ఆధార్ కార్డు అడుగుతవు" అంది.

వియత్నాంలో మా గైడు యాభై దాటిన బక్కపల్చటి మనిషి. నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోయేవి. కళ్లు కనబడని నవ్వు నాకు నచ్చదు. మొదటి రోజే హోటల్లో మా పాస్‌పోర్టులన్నీ అడిగి తీసుకున్నాడు, అరగంటలో తెచ్చిచ్చాడు. ఒక్కో పాస్‌పోర్టు తెరిచి పేజీలు లెక్కపెట్టుకోమని అందరికీ చెప్పాను. సగం మంది లెక్కపెట్టారు కూడా.

బస్సు కదిలాక అసలు అనుమానం మొదలైంది. గైడు మైకులో రెండు ముక్కలు చెప్పేవాడు: ఎడమవైపు గుడి, కుడివైపు వంతెన, పది నిమిషాల్లో బాత్రూం. తర్వాత మైకు పక్కన పెట్టి ముందు సీట్లో ఉన్న టీచరమ్మ వైపు వంగేవాడు. ఇక ఆగకుండా చెప్పడమే. ఆమె తల ఊపేది, ఏదో అడిగేది, అప్పుడప్పుడు చిన్నపిల్లలాగా నవ్వేది. మాకు రెండు ముక్కలు, ఆమెకు పురాణం. ఆ ఇంగ్లీషులో ఏముందో పదిహేడు మందిలో ఒక్కరికీ తెలియదు.

రెండో రోజు మమ్మల్ని ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ పసుపును తేనెలో కలిపి గోళీలు చేసి సీసాల్లో అమ్ముతున్నారు. పసుపు ఊళ్లోంచి వచ్చినవాళ్లకు పసుపు అమ్మడానికి ఎంత ధైర్యం కావాలి! ఒక గోళీ చిదిపి వాసన చూశాను, నాలుక మీద పెట్టుకున్నాను. రంగు ఉంది, ఘాటు లేదు. మావాళ్లు నా మొహం చూసి సీసాలు కింద పెట్టేశారు. గైడు బయటికి వచ్చి గోడ పక్కన నిలబడ్డ టీచరమ్మ దగ్గరికి పోయాడు. జేబులోంచి ఏదో తీసి ఆమె అరచేతిలో పెట్టి, తన చేత్తో ఆమె వేళ్లు మూశాడు. ఆమె పిడికిలి తెరిచి చూడనైనా చూడకుండా సంచీలో వేసుకుంది.

మర్నాడు కూడా బీచ్ దగ్గర అదే జరిగింది. నా కళ్లారా చూశాను. వచ్చిన దాన్ని తెరిచి చూసుకోని మనిషి, లోపల ఏముందో ముందే తెలిసినది అయ్యుండాలి. దుకాణాలవాళ్లు గైడుకిచ్చే వాటా ఇద్దరూ పంచుకుంటున్నారని నాకు తేలిపోయింది. ఆ ముందు సీటు ఎందుకు అడిగిందో కూడా తేలిపోయింది. అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, ఒక రకమైన సంతోషం. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

హైదరాబాద్ టూర్ ఆఫీసుకు ఫోన్ చేసి గైడును మార్చమన్నాను. పద్దెనిమిది మంది మాట అని చెప్పాను, నిజానికి అప్పటికి నా ఒక్కడి మాటే. వాళ్లు వెంటనే మారుస్తామన్నారు. నాలుగో రోజు పొద్దున టిఫిన్ దగ్గర కమిటీ కూర్చుంది. ఇంటినుంచి తెచ్చిన సకినాలు మధ్యలో పెట్టుకుని, నేను చూసినదంతా చెప్పాను. టీచరమ్మను పిలిచాం. ఆమె కుర్చీ కోసం చేత్తో కాస్త వెతుక్కుని కూర్చుంది. భయపడింది అనుకున్నాను.

"టీచరమ్మా, గాయన నీ చేతుల ఏం వెట్టిండు?" అని అడిగాను.

"రాయి ఒకటి, గవ్వ ఒకటి."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. "మరి గంతసేపు ఏం మాట్లాడిండు?"

"బయట ఏమేం ఉన్నయో చెప్పిండు."

"బయట ఉన్నది మాకు కనవడ్తలేదా? నీకు ఒక్కదానికే చెప్పాల్నా?"

ఆమె బల్ల అంచును వేళ్లతో తడుముకుంది. "సేటూ, జర ఇయ్యాల ఒక్కరోజు నన్ను ముందు సీట్ల ఉండనియ్యుండ్రి. ఘాట్ రోడ్డు ఇయ్యాలనే. రేపటి సంది మీరేం జేసినా సరే" అంది.

ఆ రోజు ప్రయాణం టూర్ మొత్తానికి ముఖ్యమైనది. ద నాంగ్ అనే ఊరి నుంచి కొండ ఎక్కి, సముద్రాన్ని కుడిపక్కనే పెట్టుకుని అవతలికి దిగే రోడ్డు. మేమంతా ఆ రోజు కోసమే వచ్చాం. అంత గట్టిగా అడుగుతోందంటే ఈ రోజే పెద్ద దుకాణం ఉందని నాకు తోచింది. వద్దన్నాను. వెనక సీటు, మాట బంద్, ఊరు చేరేదాకా. చేతులు లేచాయి. మా ఆవిడ చెయ్యి లేవలేదు గానీ ఆమె కమిటీలో లేదు.

కొత్త గైడుగా వచ్చిన అమ్మాయి కాగితం చూసి గబగబా చదివి కూర్చునేది. బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. ఒక మలుపు తిరగ్గానే కింద సముద్రం మొత్తం విప్పుకుంది. బస్సులో ఒక్కసారిగా గోల లేచింది, ఫోన్లన్నీ కుడివైపు అద్దాలకు అంటుకున్నాయి. నేను సముద్రం సగం, వెనక సీటు సగం చూస్తున్నాను. టీచరమ్మ అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది. ఫోను తియ్యలేదు, గోల చెయ్యలేదు. పౌరుషం చూపిస్తోందనుకున్నాను.

కొండ మీద బస్సు ఆగింది. పాత ఇటుకల కోట, చాయ్ దుకాణాలు, ఒక పక్క లోయ, లోయ కింద సముద్రం. మావాళ్లంతా అటు పరిగెత్తారు. టీచరమ్మ అందరికంటే ఆఖరున దిగింది. ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగింది. దిగి కొంగు సర్దుకుని నాలుగడుగులు వేసింది. ఎవరినో ఏదో అడగబోయింది, ఆయన మావాడే, బంద్ గుర్తొచ్చి మొహం తిప్పుకుని పోయాడు. ఆమె అక్కడే నిలబడి, తల కొంచెం పైకెత్తి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆమె ఎదురుగా ఉన్నది మరో టూర్‌వాళ్ల బస్సు. నీలం రంగు బస్సు. సముద్రం ఆమె వీపు వెనక ఉంది.

నేను కదలలేకపోయాను, మా ఆవిడ కదిలింది. పోయి ఆమె రెండు భుజాలూ పట్టుకుని మెల్లగా ఇటు తిప్పింది.

"గటు కాదక్కా. గిటు."

"గిటా?" అంది టీచరమ్మ. తర్వాత ఏడ్చింది.

చాయ్ దుకాణం బల్ల మీద కూర్చోబెట్టుకుని మా ఆవిడ అన్నీ అడిగింది, నేను పక్కన నిలబడి విన్నాను. షుగర్ వల్ల కంటి పరదా పాడైందట. వెలుగు, రంగు, ముద్దలు ముద్దలుగా ఏదో తెలుస్తుందట, అది కూడా ఏడాది కంటే ఉండదని డాక్టర్లు చెప్పారట. ముందు అద్దం పెద్దది కాబట్టి వెలుగు ఎక్కువ తెలుస్తుందని ఆ సీటు అడిగిందట. మొదటి రోజే గైడు కనిపెట్టి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, కనబడేదంతా చెప్తూ వచ్చాడట. ప్రతి చోటా ఒక రాయో గవ్వో చేతిలో పెట్టేవాడట, ఇంటికి పోయాక తడిమి గుర్తు చేసుకోవడానికి. "మరి పొద్దున చెప్పకపోతివి అక్కా" అంటే, "రోగమున్నోళ్లు రావద్దని మీ ఆయననే రూలు పెట్టిండు గదమ్మా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

బంద్ తీసేశానని అందరికీ అరిచి చెప్పాను. అప్పటికే సంగతి అందరికీ చేరింది, అందరి తలలూ వంగే ఉన్నాయి. పాత గైడుకు ఫోన్ చేయించాను, ఎత్తలేదు. టీచరమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. అవతలివైపు దిగేదాకా ఇంకా అరగంట సముద్రం మిగిలి ఉంది. మా ఆవిడ నన్ను ఆమె పక్క సీట్లోకి తోసి, తను మా వెనక కూర్చుంది.

"చెప్పు ఇగ" అంది.

"నీళ్లున్నయి టీచరమ్మా" అన్నాను. "మస్తు నీళ్లున్నయి."

వెనకనుంచి నా వీపు మీద ఒక పోటు పడింది. మళ్లీ మొదలుపెట్టాను. ఒడ్డు దగ్గర నీళ్లు మోకాలెత్తు మక్క చేను రంగులో ఉన్నాయన్నాను. దూరంగా పోతే సిరా రంగన్నాను. టీచరమ్మ విని, తల వెనక్కి తిప్పి మా ఆవిడను అడిగింది.

"నిజమేనా చెల్లే?"

"నిజమే అక్కా."

కింద కొండ అంచున రైలు పట్టాలున్నాయి, నీళ్ల మీదనే పోతున్నట్టున్నాయన్నాను. "నిజమేనా చెల్లే?" తెల్లటి ఇసుక నాలుకలాగా సముద్రంలోకి పోయిందన్నాను. "నిజమేనా చెల్లే?" ఎగతాళికి కాదు, మామూలుగానే అడుగుతోంది. నేను సంచి అడుగున చెయ్యి పెట్టి చూసుకున్నట్టే ఆమె చూసుకుంటోంది. నేను ఒక్కో మాటకు చెమటలు కక్కుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా జన్మలో ఎప్పుడూ అంత నిజం చెప్పలేదు.

కొండ దాదాపు దిగిపోయాం. ఒక మలుపులో రోడ్డు ఒడ్డుకు దగ్గరగా వచ్చింది. అక్కడ నేను చూసినదానికి నాకే నమ్మకం కలగలేదు.

"టీచరమ్మా, బర్లు! సముద్రంల బర్లు పండుకున్నయి! ఐదారున్నయి. అల వచ్చినప్పుడల్లా ఒక బర్రె మూతి పైకి లేపుతున్నది!"

ఆమె మొహం వాడిపోయింది. "సేటూ, కండ్లు లేవని నన్ను ఆడిపిస్తున్నవా?"

"లేదు టీచరమ్మా, ఒట్టు. మా ఇంట్లామెను అడుగుండ్రి."

ఆమె వెనక్కి తిరిగింది. "నిజమేనా చెల్లే?"

మా ఆవిడ ఆత్రంగా అద్దంలోంచి చూసింది. బస్సు అప్పటికే మలుపు దాటింది, సరుగుడు చెట్లు అడ్డొచ్చాయి. మా ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నాకైతే కనవడలేదక్కా" అంది.

"పోనియ్యి" అంది టీచరమ్మ. నా వైపు నుంచి మొహం తిప్పుకుని అద్దానికి నుదురు ఆనించుకుంది. ఇంకా సముద్రం ఉంది. నేను చెప్తూనే ఉన్నాను, ఆమె మళ్లీ ఎవరినీ ఏమీ అడగలేదు.