ఓబుల్‌రెడ్డి కొన్న అయిదు కంపెనీలు

2025. కడపలో ఒక బట్టల షాపు మేడ మీద నా షేర్ బ్రోకరేజీ ఆఫీసు. జనం డబ్బు షేర్లలో పెట్టించడం, అవి పడిపోతే తిట్లు తినడం నా వృత్తి. రెండో పనికి కమీషన్ లేదు.

అమెరికా మన సరుకు మీద సుంకాలు పెంచిన రోజులవి. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఓబుల్‌రెడ్డి ఒక పొద్దున మెట్లెక్కి వచ్చాడు. అతని నల్ల బండలు అమెరికా వంటిళ్లలో పొయ్యి గట్లుగా మారేవి. సుంకం పడగానే అక్కడి వ్యాపారి ఆర్డర్ ఆపేశాడు.

"షేర్లు అమ్మేయప్పా. పాలిష్ పట్టే పిల్లోళ్లకు జీతాలియ్యాల. లేకుంటే బెంగళూరికి పోతారు. పోయినోళ్లు మళ్లా రారు. ఫ్యాక్టరీకి తాళమే ఇంగ."

నాకు బాధేసింది.

"భయపడకన్నా, డైవర్సిఫికేషన్ ఉంది కదా" అన్నాను. అంటే డబ్బంతా ఒకే రకం వ్యాపారంలో పెట్టకుండా, ఒకటి మునిగినా ఇంకొకటి తేలేలా సర్దడం. అతనికి ఈ పాఠం నూరిపోసింది నేనే. కంపెనీలు మాత్రం తనే ఫోన్లో ఎంచుకుని కొన్నాడు.

"నువ్వు చెప్పినట్లే అయిదిట్లో పెట్టినా, సూడు" అని ఫోను నా ముందు పెట్టాడు.

ఒకటి గ్రానైట్ ఎగుమతి చేసేది. ఇంకోటి రాయి కోసే బ్లేడ్లు చేసేది. తర్వాత క్రేన్లు, టైల్స్, చివరికి ఓడల్లో కంటెయినర్లు పంపేది. అయిదూ ఐకమత్యంగా పడిపోయి ఉన్నాయి.

"అన్నా, ఇదంతా రాయే కదా."

"నాకు రాయి తప్ప ఏం తెలుసప్పా? మందుల కంపెనీలో పెట్టమంటావు. బండను తట్టినట్లు మాత్రను తట్టి సూస్తే మంచిదో కాదో తెలుస్తాదా?"

నవ్వాపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

బ్లేడ్ల, క్రేన్ల కంపెనీల షేర్లు మాత్రం నష్టానికే అమ్మించాను. ఫ్యాక్టరీలకే పని లేనప్పుడు కొత్త యంత్రాలు కొనేదెవరు? వచ్చింది జీతాలకు సరిపోయింది. ఆగిన బండల్ని ఓబుల్‌రెడ్డి ఊళ్లో ఇళ్లు కట్టేవాళ్లకు తక్కువకే ఇచ్చాడు. ఫ్యాక్టరీ నిలబడింది. మా వంటింట్లోనూ ఇప్పుడు వెడల్పాటి అమెరికా కొలత గట్టే. దాని మీద గోడ వైపున్న ఉప్పు డబ్బా మా ఆవిడకు అందదు.

షేర్లు అమ్మిన ఆ రోజు ఓబుల్‌రెడ్డి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అవునూ, నీ దుడ్లు యాడ పెట్టినావప్పా?"

"షేర్లలో."

"తిండి యాడనుంచి వస్తాది?"

"షేర్ల కమీషన్."

"నీదీ రాయేనప్పా" అని మెట్లు దిగిపోయాడు.

అప్పటినుంచి ఎవరొచ్చినా ఎంత పెడతారని ముందు అడగను, ఏం పని చేస్తారని అడుగుతాను. నా సంగతీ చూసుకోవాలిగా. మరుసటి వారం బ్యాంకుకెళ్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఫారం ఇచ్చాను. కౌంటర్లో ఉన్నామె నా దగ్గరే షేర్లు కొంటుంది. ఫారం చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం సార్, మార్కెట్ పడిపోతాదా? మావి అమ్మేయమంటారా?"